ఇప్పపువ్వు నాలుగు నెలలు ఆగాలంటే

ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఇప్పపువ్వు రాత్రిపూట రాలుతుంది. కోయ ఆడవాళ్ళు తెల్లారకముందే గంపలు పట్టుకుని పోయి, పశువులు తినేయకముందే ఒక్కొక్క పువ్వూ ఏరుకొస్తారు. అది వాకిట్లో ఎండబోస్తే నిండు గంప కాస్తా అడుగుకి దిగిపోతుంది. ఇంతా చేసి అంగడికి తీసుకుపోతే సేటు చెప్పిందే రేటు, ఎందుకంటే ఉగాది ముందూ వెనకా అందరిళ్ళలోనూ పువ్వే ఉంటుంది. వానాకాలంలో ధర పెరుగుతుంది గానీ అప్పటికి సరుకంతా సేటు గోదాములో ఉంటుంది.

హన్మకొండ నుంచి రెండేళ్ళుగా అక్కడి ఒక మహిళా సంఘానికి లెక్కలు రాసిపెట్టడానికి వెళ్తున్నాను. అంతకుముందే ఎవరో వాళ్ళకు విస్తరాకుల మిషన్ ఇచ్చి ఫొటో దిగి వెళ్ళిపోయారట. కొనేవాళ్ళు లేక అది టార్పాలిన్ కింద పడి ఉంది. నాకు ఇప్పటికీ దాన్ని చూస్తే బాధే.

మొదటి ఏడు ఒక పెద్దమ్మతో, "ఇప్పుడే అమ్మకు పెద్దమ్మా, వానలు పడేదాకా ఆగు" అన్నాను. "నేను ఆగుతా బిడ్డా, పండుగకు తెచ్చిన అప్పు మిత్తి ఆగుతదా?" అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ పువ్వు ఏరుకుని అమ్ముకునే హక్కు ఇచ్చింది, 2018లో అడవి సరుకును బాగుచేసి అమ్ముకోవడానికి సర్కారు వన్‌ధన్ కేంద్రాలు మొదలయ్యాయి, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అన్నీ మంచివే, కానీ చైత్రం నుంచి శ్రావణం దాకా ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి చేతిలో పైసలు లేని మనిషి చేతికి అందేవి కావు.

అందుకే సంఘం పొదుపులోంచే అడ్వాన్సు ఇవ్వడం మొదలుపెట్టాం. బస్తా సంఘం గదిలో పెడితే ఆరోజు రేటులో సగం చేతికి, మిగతాది అమ్మాక. మొదటి ఏడు రెండు బస్తాలు బూజు పట్టాయి, సరిగ్గా ఎండకముందే కట్టేశాం, తప్పు నాది కూడా, తొందరపెట్టింది నేనే. ఆ నష్టం అందరం పంచుకున్నాం. తర్వాత పెద్దమ్మే అందరికీ చూపించింది: గుప్పెడు పువ్వు గట్టిగా పిడికిలి పట్టి వదిలితే ఒకదానికొకటి అతుక్కోకుండా దేనికది విడిపోవాలి, అప్పుడే బస్తాలో పోయాలి. లోపల ప్లాస్టిక్ కవరు, కింద చెక్కలు, గోడకు జానెడు ఎడం.

ఈ ఏడు ఒక్క బస్తా కూడా పాడవలేదు. శ్రావణంలో అమ్మితే అడ్వాన్సులన్నీ పోను అందరికీ మిగిలింది. అప్పు ఇంకా ఉన్నవాళ్ళు ఉన్నారు, ఒక్క సీజన్‌తో తీరేది కాదది. వచ్చిన లాభంలో ముందు ఏం కొందామని అడిగితే నేను గదికి రేకులు అనుకున్నాను, వాళ్ళు మాత్రం ఒక్క గొంతుతో కాంటా అన్నారు. అంగడిలో తూకం దగ్గర ఎన్నేళ్ళు పోయిందో వాళ్ళకే తెలుసు.

ములుగు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. పెద్దమ్మ తన ఇంట్లోని బస్తానే ముందు ఎక్కించి, అంకె చదవడం రాక నా వైపు చూసింది. "ముప్పై ఎనిమిదిన్నర" అన్నాను. "ఇంకోసారి పెట్టు" అంది.

మళ్ళీ అంతే వచ్చింది.