మూడు కాదు, రెండు

ఉదయం కంప్యూటర్ తెరవగానే టెస్టింగ్ చూసే సహోద్యోగి నుంచి సందేశం. "జాబితాలో చేయాల్సిన పనులు రెండే ఉన్నాయండీ, పైన మాత్రం మూడు మిగిలాయని చూపిస్తోంది. ఒకసారి చూస్తారా?" పేజీని మళ్లీ లోడ్ చేస్తే సంఖ్య సరిపోతోందట. అంటే సర్వర్‌లో తప్పు లేదు, తెర వెనక పేజీ గుర్తుపెట్టుకునే విలువల్లో, అంటే నేను రాసిన స్టేట్‌లోనే ఉంది.

గంటసేపు వెతికితే దొరికింది. మిగిలిన పనుల సంఖ్యను జాబితాతో ముడిపెట్టకుండా విడిగా దాచాను. పని చేరిస్తే ఒకటి కలపాలి, పూర్తయితే ఒకటి తీసేయాలి, పూర్తికాని పనిని తొలగించినా ఒకటి తీసేయాలి. ఇవన్నీ చేతితో రాసిన లెక్కలే. పోయిన నెల హడావిడిగా చేర్చిన 'రద్దు చేయి' బటన్ మాత్రం తొలగించిన పనిని వెనక్కి తెచ్చినప్పుడల్లా, అది పూర్తయిన పనా కాదా అని చూడకుండా ఒకటి కలిపేస్తోంది.

అక్కడ ఒక షరతు చేర్చి సరిచేశాను. రెండు నిమిషాల పని. కానీ మనసు ఒప్పుకోలేదు, చెరిపేశాను. రేపు ఇంకో బటన్ వస్తే అక్కడా ఈ లెక్క గుర్తుపెట్టుకోవాల్సిందే కదా! ఆ సంఖ్య జాబితాలోనే ఉంది. పూర్తికాని వాటిని లెక్కపెడితే వచ్చేదాన్ని వేరే చోట దాచడమే అసలు పొరపాటు. ఆ స్టేట్‌ను తీసేసి, ఒక్క వరుసలో కంప్యూటెడ్ విలువగా, అంటే జాబితా నుంచి దానంతటదే లెక్కకొచ్చే విలువగా రాశాను. కలపడాలు, తీసివేతలు అన్నీ పోయాయి.

జాబితా మారినప్పుడల్లా నడిచే వాచర్ అనే కోడ్ పెట్టి, జాబితానూ సంఖ్యనూ జతగా నడిపించవచ్చు. నాకది నచ్చదు. నేను వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వ్యూలో వాచర్ మామూలుగా మార్పులు పోగయ్యాక నడుస్తుంది. ఈలోగా ఆ సంఖ్యను చదివిన కోడ్‌కు పాత విలువే దొరుకుతుంది. కంప్యూటెడ్ అలా కాదు. అడిగినప్పుడు, ఆధారపడినవి మారి ఉంటేనే మళ్లీ లెక్కిస్తుంది, లేకపోతే దాచుకున్న జవాబే ఇస్తుంది. 1979లో వచ్చిన విసికాల్క్ స్ప్రెడ్‌షీట్‌లోనే ఈ ఆలోచన ఉంది: గడిలో సూత్రం రాస్తాం, మొత్తం దానంతటదే వస్తుంది. వెబ్‌లో 2010 నాటి నాకౌట్ లైబ్రరీ కూడా ఇదే దారిలో నడిచింది. 2023లో యాంగ్యులర్ ఫ్రేమ్‌వర్క్ 16వ వెర్షన్ ఇదే పద్ధతిలో పనిచేసే సిగ్నల్స్‌ను తెచ్చినప్పుడు పాత స్నేహితుడు తిరిగొచ్చినట్టు సంతోషించాను.

పని అయిపోయిందనుకుంటే, మధ్యాహ్నం ఇంకో చిక్కు. పక్క ప్యానెల్‌లో సంఖ్య అసలు కదలడమే లేదు. జాబితా మారుతోంది, పై వరుస మారుతోంది, ఇక్కడ మాత్రం మొదట వచ్చిన 2 అలాగే నిలిచిపోయింది. కోడ్ చూస్తే, మార్పులను గమనించే రియాక్టివ్ వస్తువులోంచి ఆ విలువను విడదీసి మామూలు చరరాశిలో పెట్టుకున్నాను. వ్యూ 3లో ఆ వస్తువు చుట్టూ ప్రాక్సీ కాపలా ఉంటుంది. మనం ఒక గుణాన్ని చదివితే, చదివింది ఎవరో రాసుకుంటుంది. దాని విలువ మారితే వాళ్లకు కబురు పెడుతుంది. గుణాన్ని వస్తువు ద్వారా చదివినంతసేపే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. బయటికి తీసి చేతిలో పెట్టుకున్న 2 వట్టి అంకె, దానికి ఎవరూ కబురు పెట్టరు. వ్యూలోని టురెఫ్స్ అనే ఫంక్షన్‌తో విడదీస్తే ఆ ముడి నిలుస్తుంది. అలా మార్చగానే ప్యానెల్ కదిలింది.

పని చేర్చాను, పూర్తిచేశాను, తొలగించాను, రద్దు చేశాను. నాలుగుసార్లూ రెండు చోట్లా ఒకే సంఖ్య. ఆ నిమిషం ఎంత తృప్తిగా అనిపించిందో!

సాయంత్రం సహోద్యోగి నుంచి జవాబు వచ్చింది: "ఇప్పుడు రెండే చూపిస్తోందండీ." లేవబోతూ మిగతా ఫైళ్లు వెతికితే, 'అన్నీ ఎంచుకున్నారా' అనే స్టేట్ కూడా ఇలాగే విడిగా కూర్చుని ఉంది. రేపు ఉదయం మొదటి పని అదే.