వెయ్యి ల్యూమెన్లు పెట్టె మీదే బాగున్నాయి

కొత్త టార్చిలైటు కొన్నాను. పర్లాకిమిడి పిన్‌కోడ్ కొడితే వారం పైన చూపించింది, హద్దు దాటగానే తగిలే పాతపట్నంలో మా మేనత్తగారి చిరునామా కొడితే ఎల్లుండికే వచ్చేస్తుందంది, అందుకని పార్సిలు ఆంధ్రాలో దిగింది, నేను బండేసుకుని వెళ్ళి ఒడిశాకి తెచ్చుకున్నాను. మా ఊళ్ళో చాలా సామాన్ల కథ ఇంతే. అత్తగారింట్లో పెట్టె విప్పితే బావ దాన్ని అటూ ఇటూ తిప్పి "ఈ వేలెడు దానికి రెండు వేలేటి? ఫోన్లో లైటు లేదేటి నీకు?" అన్నాడు. పెరట్లోకి తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మొవ్వు మీదికి కొట్టి చూపించాను. మరి మాట్లాడలేదు.

లోపల ఒకటే సెల్లు, 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. దాని చుట్టూ అల్యూమినియం గొట్టం, అంతే. నూరు గ్రాములు దాటి ఉంటుంది కాబట్టి చొక్కా జేబులో వేస్తే చొక్కా ఒక పక్కకి లాగుతుంది, ప్యాంటు జేబులో మాత్రం ఉన్నట్టే తెలియదు. ఇంట్లో లుంగీ మీద ఉన్నప్పుడు బనీను మెడకి క్లిప్పుతో తగిలించుకుని రెండు చేతులూ ఖాళీగా పని చేసుకోవచ్చు. అడుగున అయస్కాంతం ఉంది, బీరువా తలుపుకి అంటించి మీటరు బోర్డులో ఫ్యూజు వేశాను, ఇంతకు ముందు ఆ పనికి లైటు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావలసి వచ్చేది.

ఇక అసలు సంగతి. పెట్టె మీద 1000 ల్యూమెన్లు (లైటు నుంచి వచ్చే మొత్తం వెలుగు కొలత), 200 మీటర్లు (ఆ వెలుగు చేరే దూరం) అని పెద్ద అక్షరాల్లో ఉంది. అబద్ధం కాదు, కానీ ఆ అంకెలు ఎలా వస్తాయో తెలిస్తే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. టార్చిలైట్లకి ఎఫ్ఎల్1 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ల్యూమెన్లు కొలిచేది వెలిగించిన 30 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు. ఆ తర్వాత ఏమైందన్నది ఆ అంకెలో రాదు. దీన్ని టర్బోలో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుగులో పెట్టి చేత్తో పట్టుకుంటే కాసేపటికే తల భాగం కాలుతుంది, వెంటనే లోపలి సర్క్యూటు తనంతట తానే వెలుగు దించేస్తుంది, ఇంత చిన్న ఒంటికి ఆ వేడి బయటికి పంపే చోటు లేదు మరి. ఎంతసేపు వెలుగుతుందన్న లెక్క ఇంకా తమాషా, మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా వెలుగుతున్నట్టే లెక్క. 200 మీటర్లంటే కూడా అంత దూరంలో మనిషిని గుర్తుపట్టొచ్చని కాదు, అక్కడ పడే వెలుగు పావు లక్సు, అంటే తేటగా ఉన్న పున్నమి వెన్నెలంత. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది కాబట్టి నూరు మీటర్ల దగ్గర ఒక లక్సు. మహేంద్రతనయ నది గట్టు మీద నిలబడి అవతలి ఒడ్డుకి కొట్టి చూశాను, చెట్లు ఉన్నాయని తెలిసింది, ఏం చెట్లో తెలియలేదు.

నాకు నచ్చింది దానికి సరిగ్గా అవతలి కొసన ఉన్న వెలుగు. ఆరి ఉన్నప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే ఒక్క ల్యూమెన్ కూడా లేని చిన్న వెలుగు వస్తుంది, రాత్రి పిల్లలు లేవకుండా నీళ్ళు తాగి రావచ్చు. దాని పైది పదో పదిహేనో ల్యూమెన్లు ఉంటుంది, నిలబెట్టి సీలింగు వైపు తిప్పితే గదంతా అన్నం తినడానికి సరిపడా పరుచుకుంటుంది, ఇలా వాడితే ఒక్క చార్జింగుతో చాలా రాత్రులు వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో ఉన్నవాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు. మా వీధిలో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు, ఫోన్ లైటు వేస్తే ఫోన్ పోతుంది, కొవ్వొత్తి పెడితే గాలికి ఆగదు.

రంగు మాత్రం నచ్చలేదు. ట్యూబులైటులా నీలం కొట్టే తెలుపు, 6500 కెల్విన్ అట, ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు వెళ్తుంది. తెల్లగోడ మీద భలే ఉంటుంది. జీడితోట దారిలో వేసి చూడండి, ఎండుటాకులూ మట్టీ పుల్లలూ అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. మా తాతగారి ఇత్తడి టార్చి ఇప్పటికీ పనిచేస్తుంది, వెలుగు మధ్యలో నల్లటి మచ్చతో సహా, అయినా ఆ పసుపుపచ్చటి బల్బు కింద ఎండుటాకు ఎండుటాకులాగే కనిపించింది, పక్కనున్న పశువు తాడు వేరేగా కనిపించింది. వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పడానికి సీఆర్ఐ అని మార్కులు వేస్తారు, పాత ఫిలమెంటు బల్బుకి దాదాపు నూరు, చవక ఎల్ఈడీకి డెబ్బై దగ్గర వస్తాయి. కట్లపాము తిరిగేదే రాత్రి, రక్తపింజర ఎండుటాకుల్లో పడుకుంటే పగలే కనిపించదు. అలాంటి చోట నాకు దూరం అక్కర్లేదు, కాళ్ళ ముందు పదడుగులు సరైన రంగుల్లో కనిపిస్తే చాలు. మంచు దిగిన రోజు టర్బో వేస్తే ఇంకా ఘోరం, ఎదుట తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు.

చిన్న చిన్న చికాకులు కూడా ఉన్నాయి. టైప్‌-సీ పోర్టు ఇచ్చారు కానీ రెండు కొసలా టైప్‌-సీ ఉన్న వైరు పెడితే చార్జింగు ఎక్కదు, పాత యూఎస్‌బీ వైరుకే ఎక్కుతుంది. పోర్టు దగ్గర పెట్టవలసిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకపోతే కొత్త చార్జర్లు కరెంటు వదలవు, ఆ రెండింటి ధర పైసల్లో ఉంటుంది, అక్కడ కూడా మిగుల్చుకోవాలా? మూడుసార్లు నొక్కితే టపటపా కొట్టుకునే స్ట్రోబ్ వస్తుంది, అత్త చూసి "ఊరేగింపేట్రా?" అంది. నాలుగుసార్లు నొక్కితే లాక్ అవుతుంది, జేబులో వేసుకునే ముందు ఇది తప్పకుండా చెయ్యండి, టర్బోలో దానంతటదే వెలిగితే బట్ట కాలుతుంది.

చివరికి బావ కూడా ఒకటి తెప్పించమన్నాడు. రాత్రిళ్ళు పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్తాడు, కాబట్టి తనకి ఈ రంగుది వద్దు. కొన్ని రకాలకి 4000 లేదా 5000 కెల్విన్, సీఆర్ఐ 90 అని రాసి ఉంటుంది, అలాంటిది చూస్తున్నాను. దానికి వెయ్యి బదులు ఏడొందల ల్యూమెన్లే రాస్తారు, రాయనివ్వండి, చీకట్లో కంటికి ఆ తేడా పెద్దగా తెలియదు.