ఇంజిన్ ఆపాను, రీసెట్‌ని ఆపలేదు

అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తా. ఒక బోర్డులోని గ్రాఫిక్స్ చిప్‌కి లినక్స్ డ్రైవర్ రాయడం నా ఉద్యోగం. డ్రైవర్ బాగానే నడిచేది. అన్‌బైండ్ చేస్తే, అంటే చిప్ నుంచి డ్రైవర్‌ని విడదీస్తే మాత్రం, ఏ పదిసార్లకో ఒకసారి కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) పడిపోయేది. ప్రతిసారీ పడకపోవడమే నన్ను మూడు వారాలు తిప్పింది.

కాసాన్ (మెమరీ తప్పుల్ని పట్టిచ్చే కెర్నెల్ సాధనం) ఆన్ చేసి కెర్నెల్‌ని మళ్లీ బిల్డ్ చేశాక దొరికింది. ఫ్రీ చేసేసిన మెమరీని మా హ్యాంగ్ చెక్ వర్క్ (కాసేపాగి లేచి, చిప్ బిగుసుకుపోయిందా అని చూసే పని) ముట్టుకుంటోంది. ఇంజిన్‌లో, అంటే చిప్‌లో పనులు నడిపే భాగంలో, పని కదలకపోతే రీసెట్ కొట్టడం దాని బాధ్యత. విండోస్ మామూలుగా 2 సెకన్లు చూస్తుంది, మేమూ అంతే పెట్టుకున్నాం. షట్‌డౌన్‌లో నేను ఇంజిన్ ఆపుతా. హ్యాంగ్ చెక్ లేచి చూసి, హ్యాంగ్ అయిందనుకుని రీసెట్ మొదలుపెడుతుంది. అప్పటికి ఇంజిన్ స్ట్రక్చరే ఉండదు.

బుక్కరాయసముద్రం దగ్గర మా చీనీ తోటలో బోరు పైపు విప్పాలంటే నాయన ముందు ఆటో స్టార్టర్ తీస్తాడు. కరెంటు లేదు గదా అంటే వినడు. "వచ్చిందంటే మోటార్ దానంతటదే ఎత్తుకుంటాది, తీసెయ్ రా" అంటాడు. నేను చేయనిది సరిగ్గా అదే.

వాయిదా వేసిన వర్క్‌ని రద్దు చేసే క్యాన్సిల్ డిలేయ్డ్ వర్క్ ఫంక్షన్ ఒక్కటే చాలదు. వరుసలో ఉన్న వర్క్‌ని తీసేస్తుంది గానీ, ఇప్పటికే నడుస్తున్నదాని కోసం ఆగదు. పేరు చివర సింక్ ఉన్న ఫంక్షనైతే అది ముగిసేదాకా నిలబడుతుంది. అదే పెట్టా. ఈసారి కెర్నెల్ పడిపోలేదు, బిగుసుకుపోయింది. రీసెట్‌కి కావాల్సిన మ్యూటెక్స్‌ని (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల లాక్) నేనే పట్టుకుని, రీసెట్ ఎప్పుడు ముగుస్తుందా అని కూర్చున్నా! లాక్‌ల చిక్కుల్ని పట్టిచ్చే కెర్నెల్ సాధనం లాక్‌డెప్ ఆ సంగతి మొదటి రన్‌లోనే లాగ్‌లో రాసింది. చదవకపోవడం నా తప్పు.

ఇప్పుడు లాక్ పట్టుకుని, కొత్త పనులూ కొత్త రీసెట్లూ వద్దని ఫ్లాగ్ పెట్టి, లాక్ వదిలేస్తా. ఆ తర్వాతే సింక్‌తో ఆగుతా. ఇంజిన్ ఆపి, ఇంటరప్ట్ (చిప్ నుంచి వచ్చే పిలుపు) తీసేసి, మిగిలిన ప్రతి ఫెన్స్‌నీ (పని ముగిసిందని చెప్పే గుర్తు) ఎర్రర్‌తో సిగ్నల్ చేస్తా. అది మరిస్తే దానికోసం కాచుకున్న అప్లికేషన్ ఇక లేవదు. మెమరీ ఫ్రీ చేసేది అన్నిటికంటే చివర.

అంతం లేని షేడర్ (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే ప్రోగ్రామ్) కావాలనే పంపి, ఇంజిన్ హ్యాంగైన క్షణంలోనే అన్‌బైండ్ చేసే స్క్రిప్టు రాత్రంతా తిప్పా. పొద్దున టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని, బజ్జీ తినొచ్చి చూస్తే లూప్ ఇంకా నడుస్తోంది. లాగ్‌లో కాసాన్ పేరు ఒక్కచోటా లేదు.