సీసాలో గోమారి

పదకొండు దాటింది. పడుకున్నదాన్ని లేచొచ్చాను. పొద్దున మా కుక్క నల్లోడి చెవి మడతలోంచి పట్టకారుతో తీసిన గోమారి బల్ల మీద స్పిరిట్ సీసాలో ఇంకా అలాగే ఉంది. పశువుల డాక్టర్ గారు దాన్ని చూడనే లేదు. అదే గుచ్చుకుంటోంది.

పొద్దున్నంతా భూతద్దం పట్టుకుని దాని ముందే కూర్చున్నాను. వీపు మీద గట్టి పలక ఉంది, మెత్తటి రకం కాదు. ఆ పలక వీపంతా కప్పకుండా ముందు భాగంలోనే ఆగింది కాబట్టి ఆడది. మగదానికైతే వీపంతా కప్పేస్తుంది. ఇంకా రక్తం తాగి ఉబ్బలేదు కనుక రంగు తెలుస్తోంది: ఎర్రమట్టి రంగు, ఎక్కడా తెల్ల మచ్చల్లేవు. నోరు ఒంటికి అతుక్కునే చోటు పైనుంచి చూస్తే ఆరు మూలల ఆకారం. రిపిసెఫాలస్ సాంగ్వినియస్, కుక్కల గోధుమరంగు గోమారి. అక్క ఫోనులో పంపిన బొమ్మ ఇక్సోడిస్ అనే వేరే జాతి గోమారిది. దానికి అడుగున గాడి మలద్వారం ముందువైపు నుంచి వంపు తిరుగుతుంది, దీనికి వెనకవైపు ఉంటుంది. లైమ్ జబ్బు మోసేది ఆ జాతి, ఇది కాదు. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "ఏదైనా పురుగే కదే" అంది.

డాక్టర్ గారూ అంతే. "ఏ గోమారైనా ఒకటేనమ్మా" అంటూ సీసా పక్కకి జరిపారు. ఒకటే ఎలా అవుతాయి? ఇది మోసేది ఎర్లీకియా, బెబీసియా అనే రక్తంలో చేరే క్రిముల్ని. పశువుల్లో బెబీసియాని గోమారే మోస్తోందని అమెరికా శాస్త్రవేత్తలు స్మిత్, కిల్బోర్న్ 1893లోనే రుజువు చేసి రాశారు. ఏ పురుగు ఏ జబ్బు మోస్తుందో పట్టుకోవడంతోనే కదా అంతా మొదలైంది!

చిన్నప్పటి మా కుక్క రాజు గుర్తొచ్చాడు. గుర్తు రాకుండా ఎలా ఉంటాడు. నాకప్పుడు పదేళ్లు. ముందు తిండి మానేశాడు, తర్వాత ముక్కులోంచి రక్తం, గచ్చు మీద చుక్కచుక్కగా. నాన్న ఎండదెబ్బ అన్నారు, తడిగుడ్డ కప్పారు. ఎవరో విషం పెట్టారన్నారు పక్కవాళ్లు, నేనది నమ్మాను. వెనకింటాయన ముఖం ఏళ్ల తరబడి చూడలేదు. రాజు చెవుల్లో మాత్రం ఉబ్బిన గోమార్లు ఆముదం గింజల్లా వేలాడేవి, మేం పీకి పెరట్లో విసిరేసేవాళ్లం. (లాటిన్‌లో ఆముదం గింజకీ గోమారికీ ఒకటే పేరు, రిసినస్.) ఎర్లీకియా తెల్లకణాల్లో కాపురం పెడుతుందనీ, ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం కారుతుందనీ పెద్దయ్యాక చదివాను. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు ఎన్నో దీంతోనే పోయాయి. ఆ క్రిమిని అల్జీరియాలో 1935లోనే గుర్తించారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే రాజు బతికేవాడేమో. వెనకింటాయన ఇప్పుడు లేరు.

ఇది రాస్తుంటే ఇంకోటి తోచింది. డాక్టర్ గారు సీసా చూడలేదు సరే, నల్లోడి పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. మెడ కింద, మోకాళ్ల వెనక గ్రంథులు ఉబ్బాయేమో తడిమారు. జ్వరం చూశారు. రక్తం తీశారు. రాజుకి ఎవరూ చెయ్యనివి ఇవే. పురుగు పేరు తెలిస్తే ఏ జబ్బు రావచ్చో తెలుస్తుంది, వచ్చిందో లేదో రక్తమే చెప్పాలి. ఆ జాతిలో ప్రతిదాని ఒంట్లోనూ క్రిమి ఉండదు కూడా. నేనే తొందరపడ్డాను.

ప్లేట్‌లెట్లు 2 లక్షల పైనే ఉన్నాయి. సంతోషమే. అయితే లక్షణాలు బయటపడడానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది, క్యాలెండర్లో గీత పెట్టాను.

కానీ కోపం మొత్తం పోలేదు. ఒక్కసారి చూసి ఉంటే ఇంటి సంగతి కూడా చెప్పేవారు. ఈ జాతి ఇంట్లోనే బతకగలదు. పిల్లగా, నడిమి దశలో, పెద్దయ్యాక, తాగిన ప్రతిసారీ కుక్క మీంచి రాలి గోడ పగుళ్లలో దూరుతుంది. ఒక్క ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. నల్లోడి ఒంటికి మందు రాసి ఊరుకుంటే సరిపోదు.

ఇప్పుడే వాడి పరుపు వెనక గోడ పగులులో టార్చి వేశాను. ఆవగింజ కన్నా చిన్నవి, కదులుతున్నాయి. ఒకదాన్ని టేపుకి అంటించి భూతద్దం కింద పెట్టి కాళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది కాదు, ఆరు. ఇంకా ఒక్కసారీ తాగని పిల్లలు, ఇక్కడే పొదిగినవి. ఎర్లీకియా తల్లి నుంచి గుడ్డులోకి దిగదు, అదొక్కటే ధైర్యం. నల్లోణ్ని నా గదిలోకి తెచ్చుకున్నాను. పొద్దున్నే వాడు పడుకునే గదంతా ఖాళీ చెయ్యాలి.