ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్: అగ్నివీర్ ఒక్కటే దారి కాదు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నికల్ అంటే మన హనుమకొండలో ఎవరినడిగినా అగ్నివీర్ వాయు పేరే చెబుతారు. ఆఫీసర్‌గా చేరాలంటే ఇంటర్ ఎంపీసీతో ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష) రాయొచ్చు, బీటెక్‌తో ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ కామన్ అడ్మిషన్ టెస్ట్) రాయొచ్చు. ఏది రాయాలన్నది మీ వయసు, మీ మెమో తేలుస్తాయి.

అగ్నివీర్ సైన్స్ గ్రూపుకు మొత్తం మీద 50 శాతం రావాలి, ఇంగ్లిష్‌లో విడిగా 50 శాతం రావాలి. మనవాళ్లకు దెబ్బ పడేది ఇక్కడే. ఎప్‌సెట్ ధ్యాసలో ఇంగ్లిష్ పాసైతే చాలనుకుంటారు. మ్యాథ్స్ 1ఏలో 75కి 75 వచ్చినా ఆ లోటు తీరదు.

మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లకూ అర్హత ఉంది. అయితే పేపర్ సీబీఎస్‌ఈ ప్లస్ టూ స్థాయిలో వస్తుంది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన నా దోస్తు లేత్ మీద చెయ్యి తిరిగినోడు. మాక్ టెస్టులో ఆప్టిక్స్, సెమీకండక్టర్లు చూసి బిత్తరపోయాడు. ఆ రోజే మా ఇంటికొచ్చి సెకండియర్ ఫిజిక్స్ పుస్తకం పట్టుకుపోయాడు, ఇప్పటికీ తిరిగివ్వలేదనుకోండి. ఫిజిక్స్, మ్యాథ్స్, ఇంగ్లిష్ కలిపి గంటలో 70 ప్రశ్నలు. తప్పుకు పావు మార్కు కోత, కాబట్టి గుడ్డిగా బబుల్స్ నొక్కొద్దు.

ఇక పరుగు. హనుమకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌లో పొద్దున సగం మంది కానిస్టేబుల్ అభ్యర్థులే. పోయినసారి వాళ్లకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు, మన అబ్బాయిలకు 7 నిమిషాలే. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 1:45. మొదటి రౌండ్ ఉత్సాహంగా 1:20లో కొట్టి, మూడో రౌండ్‌లో డొక్క పట్టుకుని ఆగిపోయేవాళ్లు రోజూ కనిపిస్తారు. పుషప్స్, సిటప్స్ పదేసి, స్క్వాట్స్ ఇరవై. అవి పెద్ద విషయం కాదు.

అగ్నివీర్‌ది నాలుగేళ్ల సర్వీసు. జీతం 30 వేలతో మొదలై చివరి ఏడాదికి 40 వేలవుతుంది. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది, ప్రభుత్వమూ అంతే వేస్తుంది. బయటికొచ్చేటప్పుడు దాదాపు 10.04 లక్షలు, వడ్డీ అదనం. రెగ్యులర్‌లోకి తీసుకునేది 25 శాతం లోపే. ఆ పాతిక శాతంలో నిలిస్తేనే కార్పొరల్, సార్జెంట్, జూనియర్ వారెంట్ ఆఫీసర్, వారెంట్ ఆఫీసర్, మాస్టర్ వారెంట్ ఆఫీసర్ మెట్లు. ట్రేడ్ మీరు ఎంచుకునేది కాదు, వాళ్లు కేటాయించేది. విమానం ఇంజిన్ల మీదే పనిచేయాలని పట్టుబట్టినవాళ్లు ఇది తెలిసే వెళ్లాలి.

అందుకే ఇంట్లో బీటెక్ ఖర్చు భరించగలిగితే నేను ఏఎఫ్‌క్యాట్ వైపే మొగ్గుతాను. వయసు 20 నుంచి 26, బీటెక్‌లో 60 శాతం, ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్‌లో చెరో 50. పరీక్షలో 100 ప్రశ్నలకు 300 మార్కులు, ఆ తర్వాత ఏఎఫ్‌ఎస్‌బీ (ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ. ఎంపికైతే శిక్షణ మన దుండిగల్‌లోనే మొదలు, సాంకేతిక చదువు బెంగళూరు జాలహళ్లిలో. ఫ్లయింగ్ ఆఫీసర్‌గా చేరి రెండేళ్లకు ఫ్లయిట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు స్క్వాడ్రన్ లీడర్. ఫైనలియర్‌లో ఉండగానే అప్లై చేయొచ్చు, కాకపోతే బ్యాక్‌లాగులు ఉండకూడదు.