పేషెంట్ తరచూ పడేది బాత్రూమ్ దారిలో

పేషెంట్ పడే ప్రమాదం ఎంతో మార్కులతో లెక్కించే మోర్స్ స్కేల్ నింపడానికి రెండు నిమిషాలు చాలు. తప్పు జరిగేది కూడా ఆ తొందరలోనే. సెలైన్ ఎక్కడం లేదని 20 మార్కులు వదిలేస్తారు. చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) ఉంటే చాలు, ఆ 20 వేయాల్సిందే. షుగరుతో పాటు బీపీ కూడా ఉంటే 15, నడక నీరసంగా ఉంటే 10. ఇంతకుముందు ఒక్కసారీ పడని మనిషి కూడా అప్పుడే 45కు చేరాడు. చాలా ఆసుపత్రుల్లో అది హై రిస్క్.

స్కేల్‌లో చివరి అంశం, అంటే తన పరిమితులు పేషెంట్‌కు తెలుసా అన్నది, ఇంకా ముఖ్యం. "బాత్రూమ్‌కు ఒక్కరే వెళ్లగలరా?" అని అడిగి, ఆ జవాబును కేస్ షీటులోని ఆర్డర్‌తో పోల్చాలి. సాయంతోనే నడవాలని డాక్టర్ రాసి ఉంటే, పెద్దాయన "నేను వెళ్తాలేమ్మా" అంటే, 15 కలపాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పే జవాబు ఇదే.

రాత్రి అటెండెంట్ కింద చాప మీద నిద్రపోతుంటారు, లేపడం ఇష్టంలేక పేషెంట్ తనే లేస్తాడు. అందుకే "ఏమైనా కావాలా?" అని కాకుండా "బాత్రూమ్‌కు తీసుకెళ్లనా?" అనే అడగాలి, పడుకోబోయే ముందు తప్పనిసరిగా. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే లాసిక్స్ రెండో డోసు రాత్రి పడుతుంటే మధ్యాహ్నానికి మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి. కమోడ్ మీద కూర్చోబెట్టి వేరే బెడ్ దగ్గరకు వెళ్లొద్దు.

లేపేటప్పుడు ముందు కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, తల తిరగడం లేదని తేలాకే నిలబెట్టాలి. నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ తగ్గితే నడిపించకుండా డాక్టర్‌కు చెప్పాలి.

మంచం పూర్తిగా కిందికి దించి, చక్రాల బ్రేకులు వేయాలి. పక్షవాతం ఉంటే నర్సును పిలిచే బెల్‌ను పనిచేసే చేతివైపు ఉంచాలి. తికమకగా ఉన్న పేషెంట్‌కు మంచం పక్కలున్న నాలుగు రెయిల్స్ ఎత్తేస్తే నిశ్చింత అనుకోవద్దు. ఆయన వాటి మీదుగా దిగబోయి ఇంకా ఎత్తు నుంచి పడతాడు.

పడితే వెంటనే చంకల కింద చేతులు వేసి లేపేయకండి. స్పృహ, మెడ, తల, తుంటి చూడాలి. ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగిందని అనుమానించాలి. పల్స్, బీపీ, షుగర్, జీసీఎస్ (స్పృహ ఎంత ఉందో చెప్పే స్కోరు) తీసుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడుతూ తలకు దెబ్బ తగిలితే, మామూలుగా మాట్లాడుతున్నా డాక్టర్‌ను పిలవాల్సిందే.

రిపోర్టులో "కాలు జారి పడ్డారు" అని ముగించొద్దు. ఎన్ని గంటలకు, ఎటు వెళ్తూ, నేల తడిగా ఉందా, కాళ్లకు ఏముంది అన్నీ రాయాలి. పడినందుకు మోర్స్ స్కోరుకు 25 కలిపి, కేర్ ప్లాన్ మార్చి, తర్వాతి షిఫ్ట్ సిస్టర్‌కు బెడ్ పక్కనే హ్యాండోవర్ ఇవ్వాలి.