ఉక్కలో పరుగు: ఈ రెండు నెలలూ వాచీ పక్కన పెట్టండి

మే నెలలో శ్రీకాకుళంలో పరుగుకి దిగేవాళ్ళు ఫోన్‌లో డిగ్రీలు చూసి మోసపోతారు. తెల్లవారుజామున నాలుగున్నరకి 28 చూపిస్తుంది. ఫరవాలేదులే అని ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నాలుగు రౌండ్లు కొడితే బనీను పిండుకోవాల్సి వస్తుంది.

చూడాల్సిన అంకె డ్యూ పాయింట్. గాలి ఎన్ని డిగ్రీలకి చల్లబడితే అందులోని తేమ బొట్లుగా దిగుతుందో, అది. వాతావరణం యాప్‌లో కాస్త కిందకి జరిపితే కనబడుతుంది. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర అది 15, 16 దరిదాపుల్లో ఉంటుంది. మేలో 25, 26. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. నేల మీదకి కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లోని నీళ్ళూ ఉప్పూ మాత్రం పట్టుకుపోతుంది. డ్యూ పాయింట్ 24 దాటాక ఆరేది తక్కువ, కారేది ఎక్కువ. తేమ శాతం చూసి లెక్కవేసేవాళ్ళకి ఇంకో తికమక: పొద్దున్న 90 శాతం, మధ్యాహ్నం 60 శాతం అని ఉంటే మధ్యాహ్నం గాలి పొడిగా ఉన్నట్టు అనిపిస్తుంది. గాలిలో నీరు దాదాపు అంతే ఉంటుంది, గాలి వేడెక్కింది కాబట్టి శాతం తగ్గింది. అంచేత పొద్దున్నే పరుగెత్తడం ఉక్క తప్పించుకోడానికి కాదు. ఎండ తప్పించుకోడానికి. ఉక్క ఎలాగూ తప్పదు.

ఆ ఎండ కూడా మనకి తొందరగా వచ్చేస్తుంది. మే చివర్లో ఇక్కడ అయిదూ ఇరవైకే సూర్యుడు పైకొస్తాడు, హైదరాబాద్ కంటే ఇరవై నిమిషాలు ముందు. అక్కడివాళ్ళు రాసుకున్న "అయిదున్నరకి మొదలు" పట్టికలు ఇక్కడ పనిచెయ్యవు. నాలుగూ ముప్పావుకి అడుగు పడితే ఆరింటికి ఇంట్లో ఉండొచ్చు. సాయంత్రం సముద్రపు గాలి హాయిగా ఉంటుంది కానీ ఏడింటి వరకూ సిమెంటు రోడ్డు కింద నుంచి వేడి కక్కుతూనే ఉంటుంది. పడమటి గాలి తిరిగి వడగాడ్పు కొట్టే రోజుల్లో లెక్క తారుమారవుతుంది. గాలి పొడిగా ఉండి చెమట పుట్టినచోటే ఆరిపోతుంది, ఒళ్ళు తడవదు కాబట్టి ఎంత నీరు పోయిందో తెలీదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో అలాంటి రోజు వస్తే పరుగు మానెయ్యడమే. అదేం పిరికితనం కాదు.

ఇక వేగం. జనవరిలో కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో తేలిగ్గా లాగేవాళ్ళకి, డ్యూ పాయింట్ 26 ఉన్న రోజున అదే కష్టానికి దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. ఇది బద్ధకం కాదు. రక్తంలో కొంత భాగం చల్లబడడం కోసం చర్మం వైపు వెళ్ళిపోతుంది, కండరాలకి మిగిలినదాన్ని తిప్పడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అందుకే ఒకే వేగంతో వెళ్తున్నా అరగంట దాటేసరికి నాడి పది, పదిహేను పెరుగుతుంది. గడియారంతో పోటీపడి ఆరున్నరే లాగుతానంటే తేలికపాటి పరుగు కాస్తా రోజూ పరీక్ష పరుగైపోతుంది, దానికి బాకీ పిక్కలు, మడమలు తీరుస్తాయి. పూర్తి వాక్యం ఒకటి ఆపకుండా పలకగలిగినంత వేగమే ఈ కాలపు వేగం. మూడు మాటలకే ఊపిరి తెగితే నడవండి.

శరీరం వేడికి అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. దానికి రోజూ ముప్పై, నలభై నిమిషాల నెమ్మది పరుగు చాలు. బెంగళూరు నుంచి వేసవి సెలవులకి ఊరొచ్చినవాళ్ళు మొదటి వారం అక్కడి దూరంలో సగమే పెట్టుకోవాలి. మూడు, నాలుగు వారాలు మానేస్తే అలవాటు చాలావరకు పోతుంది, మళ్ళీ మొదటికే.

నీళ్ళెన్ని తాగాలన్నది పక్కవాణ్ణి అడిగితే తేలదు, తూకం వేసుకోవాలి. ఉదాహరణకి, పరుగుకి ముందు బట్టల్లేకుండా 62 కిలోలు, గంట తరవాత ఒళ్ళు తుడుచుకుని చూస్తే 60.9, మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు. పోయిన చెమట 1.4 లీటర్లన్నమాట. బరువులో 2 శాతం దాటి పోతే కాళ్ళు బరువెక్కడం తెలుస్తుంది. పరుగులో పోయినదంతా పరుగులోనే పూడ్చాలని చూడకండి, కడుపులో గుడగుడలాడుతుంది. దాహం వేసినప్పుడల్లా నాలుగు గుక్కలు తాగుతూ, మిగిలింది తరవాతి మూడు, నాలుగు గంటల్లో ఉప్పుతో కలిపి పట్టించాలి. పరుగయ్యాక బరువు పెరిగి ఉంటే అవసరానికి మించి తాగారని అర్థం. ఉత్త నీళ్ళు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి, ముదిరితే ప్రాణం మీదకి తెస్తుంది.

కొబ్బరినీళ్ళ మీద మనకి భక్తి ఎక్కువ. ఉద్దానం కొబ్బరి పక్కనే ఉండగా తప్పు లేదు. కానీ అందులో ఎక్కువగా ఉండేది పొటాషియం, చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. బొండాం తాగండి, ఉప్పు వేరే చూసుకోండి. అర లీటరు పలచటి మజ్జిగలో పావు చెంచా ఉప్పు వేస్తే సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. ఇంతకంటే చవకైన స్పోర్ట్స్ డ్రింక్ ఉంటే చెప్పండి. ఉప్పేసిన చోడి (రాగి) అంబలి, తరవాణి (పులియబెట్టిన గంజి) కూడా అంతే. పరుగుకి గంట ముందు ఒక గ్లాసు తేలిగ్గా అరుగుతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. గ్లాసులో పెద్ద ప్యాకెట్ మొత్తం కలిపితే దాహం తీరకపోగా విరేచనాలు పట్టుకుంటాయి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి రసాలు ఓఆర్ఎస్ కావు. లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. ప్యాకెట్ వెనక చదివితే తెలిసిపోతుంది.

నొప్పి మాత్రల సంగతి గట్టిగా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మూత్రపిండాలకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటకి నీరు పోయి ఆ రక్తం ముందే తగ్గి ఉన్నప్పుడు వాటిని వేసుకుని పరుగెత్తడం రెండు వైపుల నుంచీ గొంతు నులమడమే. ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు చూసిన జిల్లా ఇది. దానికి అసలు కారణం ఇంకా పూర్తిగా తేలకపోయినా, ఆ మందులు దగ్గర పెట్టుకుని ఎండలో దిగకూడదని అనుకోడానికి అది తేలేవరకూ ఆగక్కర్లేదు. పైగా మాత్ర నొప్పిని దాస్తుంది, దెబ్బని కాదు.

మన దగ్గర ఎక్కువగా కనబడే దెబ్బ మోకాలి కింద ముందెముక నొప్పి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే 1600 మీటర్ల కోసం కుర్రాళ్ళు సున్నా నుంచి రోజూ పరుగుకి దూకేస్తారు, అదీ సిమెంటు రోడ్డు మీద, పాత కాన్వాస్ బూట్లతో. మూడో వారానికి నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. గుండె, ఊపిరి రెండు, మూడు వారాల్లో దారికొస్తాయి. ఎముకకి నెలలు కావాలి. ఒత్తిడికి ఎముక ముందు కొంత అరిగి తరవాత గట్టిపడుతుంది, ఆ మధ్య వారాల్లోనే దొరికిపోతుంది.

నొప్పి ఏ రకమో బొటనవేలితో తేల్చుకోవచ్చు. ముందెముక లోపలి అంచు వెంబడి పై నుంచి కిందకి నొక్కుతూ రండి. నాలుగైదు వేళ్ళ వెడల్పున పొడుగ్గా నొప్పి ఉండి, ఒళ్ళు వేడెక్కాక తగ్గితే అది ఎముక పొరకి తగిలిన రాపిడి. దూరం సగానికి తగ్గించి, మట్టి నేలకి మారి, పిక్కలు బలపరచుకుంటే లొంగుతుంది. అలా కాకుండా రూపాయి బిళ్ళంత ఒక్కచోటే చురుక్కుమని, ఒంటికాలి మీద గెంతితే అక్కడే పొడిచి, రాత్రి పడుకున్నా సలుపుతూ ఉంటే ఎముకలో సన్నటి చీలిక అనుకోవాలి. ఇక ఒక్క రౌండు కూడా వద్దు, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మొదటి రెండు, మూడు వారాలూ ఈ చీలిక ఎక్స్‌రేలో తరచూ కనబడదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని మర్నాడే మైదానంలో దిగేవాళ్ళున్నారు. అనుమానం ఉంటే ఎమ్మారై తీయాలి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్.

మడమ వెనక నరం అని మనం పిలిచేది నిజానికి నరం కాదు, పిక్కని మడమకి కట్టిన స్నాయువు. నిద్ర లేచాక మొదటి అడుగులు బిరుసుగా ఉంటే అది అలిగిందని గుర్తు. పూర్తి విశ్రాంతి దీనికి మందు కాదు, బరువే మందు. మెట్టు అంచు మీద మునివేళ్ళు ఆనించి, మడమని మూడు లెక్కపెట్టేలోపు పైకి, మూడు లెక్కపెడుతూ కిందకి. పదిహేనుసార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. మోకాలు నిటారుగా ఒకసారి, కాస్త వంచి ఒకసారి. వంచినప్పుడు లోపలి పిక్క కండ పనిచేస్తుంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే. తేలికనిపించాక వీపు సంచిలో 5 కిలోల బియ్యం వేసుకోండి. పన్నెండు వారాలు పడుతుంది, మూడో వారంలో తగ్గిందని మానేస్తే తిరిగొస్తుంది. నొప్పి మడమ ఎముకకి అతుక్కున్నచోటే ఉంటే మాత్రం మడమ మెట్టు అంచు కిందకి దిగకూడదు, చదును నేల మీదే చెయ్యాలి.

కళింగపట్నం ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని మడమ నొప్పితో అక్కడికి వెళ్ళకండి. మెత్తటి ఇసుకలో మడమ కిందకి కూరుకుని స్నాయువు ఇంకా సాగుతుంది. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు పొట్టిదైనట్టు నడుము ఒరుగుతుంది. జాతీయ రహదారి అంచులదీ అదే వాలు. మైదానంలో ఎప్పుడూ ఒకే వైపు తిరిగినా అంతే, రోజు మార్చి రోజు దిక్కు మార్చండి.

నన్నడిగితే గాయంతో ఉన్నవాళ్ళకి మే, జూన్‌లకి మించిన నెలలు లేవు. ఉక్క ఎలాగూ నెమ్మదిగా వెళ్ళమంటోంది. అరగంట చురుకైన నడక వరసగా మూడు రోజులు నొప్పి లేకుండా సాగితే, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది విడతలు. రోజు విడిచి రోజు. పదికి మూడు వరకూ నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దున్నకి మామూలుగా ఉండాలి. లేకపోతే వెనకటి మెట్టుకి దిగాలి. నడక నిమిషాల్లో ఒళ్ళు కూడా చల్లబడుతుంది, రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

బూట్లు చెమటకి లోపల తడిసిపోతాయి. లోపలి అట్ట బయటికి తీసి, పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టాలి. డాబా మీద ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. నూలు మేజోళ్ళు తడి పట్టుకుని బొబ్బలెక్కిస్తాయి, పాలిస్టరు మేలు. తొడల మధ్య ఒరుసుకుంటే వాజలీన్ రాయండి. పౌడరు చెమటకి ముద్దకడుతుంది.

తోడు వస్తున్నవాడు తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబితే అది వడదెబ్బ. చర్మం పొడిగా లేదు, చెమట పడుతోంది కదా అని ఆగొద్దు. పరుగులో వచ్చే వడదెబ్బకి చెమట ఉండొచ్చు. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగా మిగిలినవాళ్ళు నీడలోకి లాగి, తొట్టె ఉంటే తల పైకి పట్టుకుని మెడదాకా నీళ్ళలో ఉంచాలి. లేకపోతే బకెట్లతో ఆపకుండా పోస్తూ విసరాలి, చంకల్లో, మెడ మీద, గజ్జల్లో ఐసు పెట్టాలి. ముందు చల్లబరచడం, తరవాతే ఆసుపత్రి ప్రయాణం. మగతలో ఉన్నవాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసెటమాల్ ఈ వేడిని దించదు.

కార్తీకం వచ్చేసరికి గాలి పొడిబారుతుంది. అదే కష్టానికి కిలోమీటరుకి అర నిమిషం దానంతటదే కలిసొస్తుంది. గుండెకి తేలికైంది కానీ ఎముకకి, స్నాయువుకి ఆ వేగం కొత్తే. మొదటి మూడు వారాలూ దూరం పెంచకుండా వేగాన్ని మాత్రమే రానివ్వండి, దూరం ఆ తరవాత వారానికి కొంచెం కొంచెంగా.